సిడ్నీ సమకాలీన కళా మ్యూజియం: తిరుపతి నుంచి వెళ్ళేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

బాలాజీ కాలనీలో, కె.టి. రోడ్డులో ఏ వీధి తిరిగినా పిల్లలు సిడ్నీలోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న ఇల్లు ఒకటి తగులుతుంది. అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వెళ్తారు. మొదటి శనివారమే పిల్లలు వాళ్ళను సర్క్యులర్ కీ రేవుకి తీసుకెళ్తారు. ఓపెరా హౌస్ ముందు ఒక ఫోటో, హార్బర్ బ్రిడ్జి ముందు ఒక ఫోటో, మఫ్లర్ సర్దుకొని మళ్ళీ ఇంటికి. ఆ రెండు ఫోటోలకీ మధ్యలో, అదే రేవు ఒడ్డున, మ్యూజియం ఆఫ్ కాంటెంపరరీ ఆర్ట్ ఆస్ట్రేలియా ఉంది. అక్కడ అందరూ ఎంసీఏ అంటారు. వెళ్ళే ముందు మనవాళ్ళు నన్ను అడిగినవీ, వెళ్ళొచ్చాక కాస్త చిరాగ్గా అడిగినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఇది ఏ రకం మ్యూజియం? పాత విగ్రహాలు, నాణేలు ఉంటాయా?

ఉండవు. చంద్రగిరి రాజమహల్లోనో, కొండ మీద మ్యూజియంలోనో చూసినట్టే ఉంటుందనుకొని వెళ్తే మొదటి పది నిమిషాలు "ఇక్కడ ఏముందని?" అనిపిస్తుంది. ఇక్కడ ఉండేవి మన కాలంవాళ్ళు చేసిన పనులు. పెయింటింగులు, శిల్పాలు, గోడంత వీడియోలు, ఒక్కోసారి ఒక గదినిండా వస్తువులు లేదా ఉత్త శబ్దం. మ్యూజియం సొంత సేకరణలో 4,500 పైచిలుకు పనులున్నాయి. అన్నీ ఆస్ట్రేలియా కళాకారులవే. బయటి దేశాలవాళ్ళ పనులు ప్రదర్శనల కోసం వచ్చి కొన్ని నెలలుండి వెళ్ళిపోతాయి.

దీని పుట్టుక వెనక ఒక డాక్టరుగారి వీలునామా ఉంది. జాన్ పవర్ అనే ఆయన వైద్యం చదివి, తర్వాత అది వదిలేసి చిత్రకారుడయ్యాడు. 1943లో చనిపోయాడు. ప్రపంచంలో కొత్తగా వస్తున్న కళను ఆస్ట్రేలియా జనానికి చూపించమని ఆస్తిని సిడ్నీ యూనివర్సిటీకి రాశాడు. ఆ డబ్బు ఆసరాతో 1989లో సంస్థ ఏర్పడి, 1991లో తలుపులు తెరిచింది. ఇప్పుడున్న భవనం ఒకప్పుడు రేవు వ్యవహారాలు చూసే మారిటైమ్ సర్వీసెస్ బోర్డు ఆఫీసు. 1952లో పూర్తయిన బరువైన ఇసుకరాతి కట్టడం. దానికి ఆనుకొని నలుపు, తెలుపు చదరపు గదులతో కనిపించేది 2012లో చేర్చిన కొత్త భాగం. కంటికి పాతదే బాగుంటుంది. కానీ మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు కొత్తదే మేలు, లిఫ్టులు అందులోనే ఉన్నాయి.

ఎలా వెళ్ళాలి? పిల్లలకు ఆఫీసుంటే మేమిద్దరమే వెళ్ళగలమా?

వెళ్ళొచ్చు. మనవాళ్ళు ఎక్కువగా పారామట్టా, హారిస్ పార్క్, వెస్ట్‌మీడ్, వెంట్‌వర్త్‌విల్ వైపు ఉంటారు. అక్కడ ట్రైన్ ఎక్కి సెంట్రల్ స్టేషన్లో దిగి, నగరం నడిబొడ్డున చుట్టూ తిరిగే సిటీ సర్కిల్ ట్రైన్ పట్టుకొని సర్క్యులర్ కీలో దిగాలి. ఈ స్టేషన్ ఎత్తు మీద ఉంటుంది కాబట్టి ప్లాట్‌ఫామ్ మీంచే రేవంతా కనిపిస్తుంది. కిందికి దిగి నీళ్ళకు ఎదురుగా నిలబడండి. కుడి చేతి వైపు ఓపెరా హౌస్, ఎడమ చేతి వైపు ఎంసీఏ. ఎవర్నీ అడగక్కర్లేదు. ఓపల్ కార్డు (అక్కడి ట్రైన్లు, బస్సులు, ఫెర్రీలకు వాడే కార్డు) లేకపోతే బ్యాంకు కార్డు ట్యాప్ చేసినా గేటు తెరుచుకుంటుంది. మన ఇండియా కార్డయితే ఫారెక్స్ చార్జీ పడుతుంది, పిల్లల కార్డులు చెరొకటి తీసుకెళ్ళండి. ఎక్కేటప్పుడు ఏ కార్డు ట్యాప్ చేశారో దిగేటప్పుడూ అదే చేయాలి. ఇద్దరికీ ఒకే కార్డు పనికిరాదు. మనవాళ్ళు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే.

టైముంటే మాత్రం పారామట్టా నుంచి ఫెర్రీలో వెళ్ళండి. గంటన్నర దాకా పడుతుంది. చివర్లో హార్బర్ బ్రిడ్జి కిందనుంచి దూరి రేవులోకి వస్తుంది. ఆ ఐదు నిమిషాల కోసం మిగతా గంటంతా కూర్చోవచ్చు.

టికెట్ ఎంత? ఫ్రీ అని విన్నామే?

విన్నది నిజమే, కాకపోతే పాత మాట. 2000 నుంచి చాలా ఏళ్ళు ప్రవేశం ఉచితంగానే ఉండేది. ఖర్చులు పెరిగి, వచ్చే నిధులు చాలక 2025 జనవరి నెలాఖరు నుంచి మళ్ళీ టికెట్ పెట్టారు. పెద్దలకు 20 డాలర్లు, రాయితీ టికెట్ 16. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకు ఉచితం. ఆస్ట్రేలియాలో చదువుతున్న విద్యార్థులకూ ఉచితమే, మీ అబ్బాయి ఎం.ఎస్. చేస్తుంటే ఐడీ కార్డు మర్చిపోవద్దని చెప్పండి. మన సీనియర్ సిటిజన్ కార్డు చెల్లుతుందనే ధీమాతో వెళ్ళకండి, కౌంటర్లో మొహమాటపడకుండా అడగండి. పెద్ద ప్రదర్శనలకు విడిగా డబ్బు కట్టాల్సి రావచ్చు. బుక్ చేసేటప్పుడు ఏ టికెట్టుకు ఏమేం చూపిస్తారో చదువుకోండి.

దర్శనం క్యూలాగా గంటలు నిలబడాలా?

అక్కర్లేదు. ఆదివారం మధ్యాహ్నం కూడా పది నిమిషాల్లో లోపలుంటారు.

సెలవు ఏ రోజు?

మంగళవారం. క్రిస్మస్ రోజు కూడా మూసేస్తారు. మిగతా రోజుల్లో మామూలుగా ఉదయం 10కి తెరిచి సాయంత్రం 5కి మూస్తారు. రెండు ప్రదర్శనల మధ్య ఒక అంతస్తు మొత్తం మూసేసి ఉండే రోజులు కూడా ఉంటాయి. బయల్దేరే రోజు ఉదయం వాళ్ళ వెబ్‌సైట్ ఒకసారి తెరిచి చూసుకుంటే టికెట్ డబ్బు వృథా కాదు.

ఇద్దరికీ కలిపి 40 డాలర్లు, అంటే రెండు వేల రూపాయల పైమాటే. అంత పెట్టి వెళ్ళడం అవసరమా? ఉచితంగా చూడగలిగిన ఆర్ట్ గ్యాలరీ ఇంకొకటి ఉందటగా?

ఉంది. ఆర్ట్ గ్యాలరీ ఆఫ్ న్యూ సౌత్ వేల్స్. 1871లో మొదలైన సంస్థ, సాధారణ ప్రవేశం ఉచితం. పాత భవనంలో యూరప్ తైలవర్ణ చిత్రాలు, ఆసియా శిల్పాలు ఉంటాయి. 2022 డిసెంబరులో దాని పక్కనే జపాన్ సంస్థ సనా రూపొందించిన కొత్త భవనం తెరిచారు. అందులో అన్నిటికన్నా కింద, రెండో ప్రపంచ యుద్ధంనాటి చమురు ట్యాంకునే ప్రదర్శనశాలగా మార్చారు. సిమెంటు స్తంభాల మధ్య చీకట్లో నడుస్తుంటే గుండె కొంచెం జంకుతుంది. సిడ్నీలో ఒక్కరోజే ఉండి, బొమ్మలంటే రవివర్మ బొమ్మల్లా ఉండాలనుకునేవాళ్ళయితే అక్కడికే వెళ్ళండి. నా సలహా అదే, ఎంసీఏ ఏమీ అనుకోదు.

నెలల తరబడి ఉండేవాళ్ళయితే ఎంసీఏని వదులుకోవద్దు. ఆ దేశం ఇప్పుడు దేని గురించి గొడవ పడుతోందో, దేనికి సిగ్గుపడుతోందో, దేన్ని చూసి మురిసిపోతోందో అక్కడ ఒకేచోట కనిపిస్తుంది. మీ మనవలు పెరగబోయే దేశం అది. రెండూ చూడాలంటే ఎంసీఏ నుంచి బొటానిక్ గార్డెన్ మీదుగా ఆర్ట్ గ్యాలరీకి నడిచి వెళ్ళొచ్చు. మెల్లగా నడిచినా అరగంట.

మాకు మోడర్న్ ఆర్ట్ అర్థం కాదు. వెళ్ళి ఏం చేయాలి?

అందరూ అడిగేది ఇదే. పిల్లలు కూడా లోలోపల దీనికే టెన్షన్ పడతారు. "అమ్మకు బోర్ కొడుతుంది" అని వాళ్ళే తేల్చేస్తారు.

మొదటి మాట, అర్థం చేసుకోవాల్సిన పరీక్ష ఏదీ అక్కడ పెట్టరు. రెండోది, అన్నీ చూడాలనుకోకండి. అంతస్తుకు రెండు పనులు ఎంచుకోండి చాలు. కాళ్ళు ఎక్కడ ఆగితే అక్కడ ఆగి, ముందు బొమ్మ చూడండి, తర్వాతే పక్కనున్న చీటీ చదవండి. ఎక్కువమంది దీన్ని తిరగేస్తారు. ముందు చీటీ చదివి, అందులో రాసింది బొమ్మలో ఉందో లేదో వెతికి, కనబడలేదని విసుక్కొని ముందుకెళ్ళిపోతారు.

చీటీలో చూడాల్సింది మూడు నాలుగు విషయాలే. కళాకారుడి పేరు, పుట్టిన ఏడాది, ఊరు లేదా తెగ పేరు, దేనితో చేశారన్నది. ఈ చివరిదాన్ని తప్పకుండా చదవండి. సిరా, మట్టి, మైనం, ఉప్పు, పాత పడవ చెక్క అని రాసి ఉంటుంది. సగం కథ అందులోనే ఉంటుంది. వీడియో అయితే ఎన్ని నిమిషాలో కూడా రాస్తారు. అది ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది కాబట్టి మధ్యలో వెళ్ళి కూర్చొని, మళ్ళీ అదే చోటు వచ్చేదాకా చూసి లేవచ్చు. బెంచీ ఉంటే ఎక్కువసేపు చూడాల్సిన వీడియో అని అర్థం.

ఒక ఉదాహరణ చెప్తాను. 2013లో ఇక్కడ జపాన్‌లో పుట్టిన కళాకారిణి యోకో ఓనో ప్రదర్శన జరిగింది. ఆమె పాత పనుల్లో ఒకటి 1966 నాటి చదరంగం. బల్ల తెలుపు, గళ్ళన్నీ తెలుపు, రెండు వైపులా పావులు కూడా తెలుపే. మొదటి నాలుగు ఎత్తులు ఎవరివి ఎవరివో గుర్తుంటాయి. ఆ తర్వాత నా గుర్రమేదో మీ గుర్రమేదో తెలియదు, ఆట ఆగిపోతుంది. వియత్నాం యుద్ధం నడుస్తున్న రోజుల్లో చేసిన పని అది. ఇందులో "అర్థం కాకపోవడానికి" ఏముంది? బల్ల ముందు కూర్చొని నాలుగు ఎత్తులు మనసులో వేసుకుంటే చాలు.

కొన్ని పనులు నిజంగానే బాగుండవు. "ఇది మా మనవడు కూడా గీస్తాడు" అనిపిస్తే అనండి, తప్పేం లేదు. నాకూ అలా అనిపించినవి ఉన్నాయి, ఇప్పటికీ అభిప్రాయం మారలేదు.

అబోరిజినల్ ఆర్ట్, అంటే అక్కడి ఆదివాసీల కళ, ఆ చుక్కల బొమ్మలేనా?

చుక్కల బొమ్మలు మధ్య ఆస్ట్రేలియా ఎడారివాళ్ళవి. వాళ్ళు ఇసుక మీద, ఒంటి మీద వేసుకునే గుర్తులు 1971లో పాపున్యా అనే ఊళ్ళో మొదటిసారి పెద్ద ఎత్తున బోర్డుల మీదికి ఎక్కాయి, అక్కడినుంచి ప్రపంచమంతా పాకాయి. ఉత్తరాన ఆర్నెమ్ ల్యాండ్‌లో పద్ధతి పూర్తిగా వేరు. అక్కడ చెట్టు బెరడు మీద వేస్తారు. తిరుపతి జిల్లా నుంచి వెళ్ళేవాళ్ళకు ఈ మ్యూజియంలో నేను మొదట చూపించేది ఈ బెరడు చిత్రాలనే.

యూకలిప్టస్ జాతిలో స్ట్రింగీబార్క్ అనే చెట్టుంటుంది. వానాకాలంలో తేమ పట్టి ఉన్నప్పుడు దాని బెరడు పలకలా ఊడొస్తుంది. దాన్ని మంట మీద వేడిచేసి, బరువులు పెట్టి, రోజుల తరబడి చదును చేస్తారు. రంగులన్నీ నేలలోవే. ఎర్రమట్టి, పచ్చమట్టి, తెల్లసుద్ద, బొగ్గు. కునింజ్‌కు తెగవాళ్ళు వేసే సన్నటి అడ్డగీతల అల్లికను రార్క్ అంటారు. తుంగ పుల్లను కుంచెగా చేసుకొని, తడవకు ఒక్క గీత చొప్పున లాగుతారు. దగ్గరికెళ్తే గీతలు, నాలుగడుగులు వెనక్కొస్తే ఆ గీతలన్నీ కలిసి మిలమిలమంటూ కదులుతున్నట్టుంటాయి. ఆ మెరుపే ఆ స్థలంలో ఉన్న శక్తి అని వాళ్ళ నమ్మకం.

శ్రీకాళహస్తిలో కలంకారీ పని చేసిన ఒకావిడ కూతురి దగ్గరికి వెళ్ళినప్పుడు ఈ బెరడు చిత్రాల ముందు నాతో పాటు నిలబడ్డారు. కరక్కాయ పాలల్లో తడిపిన బట్ట, చింతపుల్లల బొగ్గు, వెదురు కలం, ఇనుప ముక్కలు బెల్లంనీళ్ళలో ఊరబెట్టి తీసే నలుపు, పటిక, స్వర్ణముఖిలో ఉతుకు, ఇవన్నీ చేతులతో తెలిసిన మనిషి. తల పక్కకి వంచి, గీత వెంబడి చూపుడువేలు గాల్లో నడిపించారు. "ఇదిగో, ఇక్కడ రంగు అయిపోయింది, మళ్ళీ ముంచుకున్నాడు. ఇక్కడ చెయ్యి ఒక్క క్షణం ఆగింది" అన్నారు. గ్యాలరీలో పనిచేసే అమ్మాయి దగ్గరికొచ్చి ఆవిడ ఏమంటున్నారని అడిగింది. కూతురు ఇంగ్లీషులో చెప్తే, ఆ అమ్మాయి కూడా వంగి ఆ ఆగిన చోటు చూసింది. ఆ రోజు ఇంకే గదికీ వెళ్ళడానికి ఆవిడ ఒప్పుకోలేదు.

ఇంకో తేడా గమనించండి. కలంకారీలో రామాయణం ఎవరైనా వేయొచ్చు. అక్కడ అలా కుదరదు. ఫలానా నీటిమడుగు కథ, ఫలానా పాము కథ వేసే హక్కు ఫలానా కుటుంబానిదే. ఇంకొకళ్ళు వేస్తే అది దొంగతనం కింద లెక్క. అందుకే చీటీలో తెగ పేరు రాస్తారు.

ఈ గదుల్లో పనులు ఎప్పటికప్పుడు మారుస్తుంటారు. బెరడు చిత్రాలు ఆ రోజు ఏ అంతస్తులో ఉన్నాయో లోపలికి వెళ్ళగానే డెస్కులో అడగండి.

చనిపోయినవాళ్ళ పేర్లు, ఫోటోలు ఉంటాయని ముందే హెచ్చరిక కనిపిస్తుంది. ఎందుకు?

చాలా ఆదివాసీ సమాజాల్లో మనిషి పోయాక కొంతకాలం ఆ పేరు పలకరు, బొమ్మ చూడరు. ఆ ఆచారం ఉన్నవాళ్ళు తెలియక లోపలికొచ్చి బాధపడకూడదని ఆ హెచ్చరిక. 2018లో ఈ మ్యూజియం రార్క్ చిత్రకారుల్లో దిగ్గజం అనదగిన కునింజ్‌కు కళాకారుడి పనులతో పెద్ద ప్రదర్శన పెట్టింది. ప్యారిస్‌లోని కే బ్రాన్లీ మ్యూజియం లోపలి పైకప్పు మీద, స్తంభం మీద కూడా ఆయన చేతి పని ఉంది. ఆయన 2024 చివర్లో కాలం చేశారు. ఆ ఆచారాన్ని గౌరవించి నేనూ ఇక్కడ పేరు రాయడం లేదు.

గోడల మీద "గాడిగల్" అని రాసి ఉంటుంది. అదేమిటి?

ఆ రేవు ఒడ్డు గాడిగల్ అనే ఆదివాసీ ప్రజలది. 1788 జనవరి 26న బ్రిటిష్ నౌకాదళ అధికారి ఆర్థర్ ఫిలిప్ తన ఓడల్లో ఖైదీలను, సిపాయిలను తీసుకొచ్చి బ్రిటిష్ జెండా పాతింది సరిగ్గా ఈ రేవులోనే. మ్యూజియం ముందు నిలబడితే మీ కళ్ళెదురుగా ఉన్న నీళ్ళే. మనకు రిపబ్లిక్ డే అయిన తేదీ అక్కడ ఆస్ట్రేలియా డే. ఆదివాసీల్లో చాలామందికి మాత్రం అది దండయాత్ర మొదలైన రోజు. మ్యూజియం లోపల మీరు చూసే చాలా పనులకు ఈ గొడవే మూలం. ఇది తెలియకుండా చూస్తే కోపంగా ఉన్న బొమ్మలు ఎందుకంత కోపంగా ఉన్నాయో బోధపడదు. మీరు జనవరిలో వెళ్తే 26న ఊళ్ళో ఒకవైపు బాణసంచా, ఇంకోవైపు నిరసన ఊరేగింపు రెండూ చూస్తారు.

మన దేశం వాళ్ళ పనులు కనిపిస్తాయా?

ప్రదర్శనను బట్టి ఉంటుంది. పెద్దది చెప్పుకోవాలంటే 2012 చివర్లో వచ్చిన అనీష్ కపూర్ ప్రదర్శన. ముంబైలో 1954లో పుట్టి లండన్‌లో స్థిరపడిన శిల్పి. ఆయన పనుల్లో ఒక దానికి 25 టన్నుల ఎర్రటి మైనం వాడాడు. గుండ్రంగా పోసిన ఆ ఎర్రటి ముద్దలో ఒక ఇనుప దిమ్మ గడియారం ముల్లుకన్నా నెమ్మదిగా అనిపించేంత వేగంతో తిరుగుతూ, మైనాన్ని తోసుకుంటూ పోతుంది. దాన్ని అప్పుడు ఇక్కడ పెట్టారు. బయట పచ్చిక మీద ఆకాశాన్ని తలకిందులుగా చూపే పెద్ద అద్దపు పళ్ళెం కూడా నిలబెట్టారు. యువకుడిగా ఇండియా వచ్చినప్పుడు గుళ్ళ దగ్గర అమ్మే రంగుపొడి రాశులు చూసి ఆయన మొదటి శిల్పాలు పుట్టాయి. గోవిందరాజస్వామి గుడి దగ్గర కుంకుమ కొట్ల ముందు రోజూ నడిచే మనం వాటిని కొనడానికి తప్ప చూడటానికి ఆగం కదా.

ఇంగ్లీషు అంతంతమాత్రం. ఇబ్బందా?

చీటీలు ఇంగ్లీషులోనే ఉంటాయి. ఫోన్లో గూగుల్ ట్రాన్స్‌లేట్ కెమెరా పెడితే తెలుగు వస్తుంది. వాక్యాలు వంకరగా ఉన్నా విషయం అందుతుంది. ఇంట్లోంచే ఛార్జింగ్ ఫుల్‌గా పెట్టుకెళ్ళండి.

మోకాళ్ళ నొప్పులు ఉన్నవాళ్ళు తిరగగలరా?

లిఫ్టులున్నాయి, వీల్‌చెయిర్ అన్ని అంతస్తులకూ వెళ్తుంది. గదుల్లో బెంచీలు తక్కువ, అదొక్కటే లోటు. మధ్యలో కేఫ్‌కి వెళ్ళి కూర్చొని మళ్ళీ రావచ్చు.

చెప్పులు బయట వదలాలా? సంచీ తీసుకెళ్ళొచ్చా?

చెప్పులతోనే వెళ్ళండి. చీర, పంచె, స్వెటర్ మీద మంకీ క్యాప్, ఏదైనా ఎవరూ వింతగా చూడరు. భుజాన వేలాడే పెద్ద బ్యాక్‌ప్యాక్ మాత్రం లోపలికి రానివ్వరు, క్లోక్‌రూమ్‌లో ఇవ్వాలి. తిరిగేటప్పుడు వెనకనున్న శిల్పానికి తగులుతుందని వాళ్ళ భయం. చిన్న చేతిసంచీ చాలు.

సంచీ మాటొచ్చింది కాబట్టి: సిడ్నీ ఎయిర్‌పోర్టులో దిగేటప్పుడు మీ దగ్గర తిరుమల లడ్డూ ఉంటే, వచ్చే ప్రయాణికులు నింపే కార్డులో తప్పకుండా డిక్లేర్ చేయండి. పాలు, నెయ్యి వస్తువుల మీద వాళ్ళ రూల్స్ గట్టివి. ఉంచుతారో తీసేసుకుంటారో వాళ్ళిష్టం, చెప్పకుండా దాస్తే మాత్రం ఫైన్ ఖాయం.

ఫోటోలు తీసుకోవచ్చా?

ఫ్లాష్ లేకుండా తీసుకోవచ్చు, వద్దని గుర్తు పెట్టినచోట తప్ప. ముట్టుకోకూడదు. ముట్టుకొమ్మనే పని ఏదైనా ఉంటే అలా రాసి ఉంటుంది. సెల్ఫీ స్టిక్ ఇంట్లోనే వదిలేయండి.

మనవల్ని తీసుకెళ్ళొచ్చా? అసభ్యమైన బొమ్మలుంటాయేమో?

బట్టల్లేని మనుషుల బొమ్మలు, గట్టి మాటలున్న వీడియోలు ఉండొచ్చు. అలాంటి గది ముందు సాధారణంగా హెచ్చరిక రాస్తారు, దాటుకొని వెళ్ళిపోండి. నిజం చెప్పాలంటే ఇబ్బంది పడేది తాతలే, పిల్లలు పట్టించుకోరు. పిల్లలకు చేతిపని చేయించే కార్యక్రమాలు కూడా నడుస్తుంటాయి. స్కూలు సెలవుల్లో వెళ్తే డెస్కులో అడగండి. దివ్యాంగుల కోసం కళాకారులతో ప్రత్యేకంగా చేయించిన బెల్లా రూమ్ అనే గది కూడా ఉంది.

ప్రిమవెరా అని పోస్టర్ చూశాం. ఏమిటది?

35 ఏళ్ళు, అంతకన్నా తక్కువ వయసున్న ఆస్ట్రేలియా కళాకారుల ప్రదర్శన. 1992లో మొదలైంది. బెలిండా జాక్సన్ అనే నగలు చేసే కళాకారిణి 29 ఏళ్ళకే చనిపోతే, ఆమె జ్ఞాపకంగా తల్లిదండ్రులు, కుటుంబం దీన్ని మొదలుపెట్టించారు. బిడ్డ పోయిన ఇంటివాళ్ళు సత్రం కట్టించడం, అన్నదానం పెట్టించడం మనకు తెలుసు. వీళ్ళు బిడ్డ వయసువాళ్ళకు గోడలిచ్చారు. మీరున్నప్పుడు ఇది నడుస్తుంటే మిగతావి వదిలేసైనా చూడండి. కొన్ని పనులు అచ్చం పాతికేళ్ళవాళ్ళు చేసినట్టే ఉంటాయి, అంటే కొంచెం అతిగా. అయినా ఉత్సాహంగా ఉంటుంది.

శాకాహార భోజనం దొరుకుతుందా?

నాలుగో అంతస్తులో కేఫ్ ఉంది. కాఫీ, కేకులు, శాకాహారం ఒకటో రెండో. ధరలు వింటే ఆకలి తగ్గుతుంది. కానీ ఒక్క కాఫీ తీసుకొని బయటి డాబా మీద కూర్చుంటే ఎదురుగా ఓపెరా హౌస్, ఎడమవైపు బ్రిడ్జి. పక్కనే ప్రయాణికుల ఓడరేవు ఉంది. ఆ రోజు పెద్ద క్రూజ్ షిప్ ఆగి ఉంటే ఆ దృశ్యంలో కొంత దాని వెనక్కి పోతుంది.

ఇంట్లో కట్టుకెళ్ళిన పులిహోర, పెరుగన్నం లోపల తినకూడదు. బయట పచ్చిక మీద కూర్చొని తినొచ్చు. అయితే అక్కడి సీగల్ పక్షుల దగ్గర జాగ్రత్త. తిరుమల కోతులకు అలవాటుపడ్డవాళ్ళం, పక్షులేం చేస్తాయిలే అనుకుంటాం. డబ్బా మూత తీసిన మరుక్షణం ముక్కు లోపలుంటుంది.

గుర్తుగా ఏం కొనుక్కోవాలి?

మ్యూజియం షాపులో పుస్తకాలు, ఆదివాసీ కళాకారులు డిజైన్ చేసిన టవళ్ళు, కప్పులు, కార్డులు ఉంటాయి. ఖరీదే, కానీ ఎవరి డిజైనో పేరుంటుంది. బయట టూరిస్టు కొట్లలో చవగ్గా దొరికే బూమరాంగులు, చుక్కల కీచైన్లు చాలావరకు వేరే దేశాల్లో తయారైనవి. ఇండోనేషియాలో చేయించిన సరుకును ఆదివాసీలు చేసిందన్నట్టు అమ్మినందుకు 2019లో అక్కడి ఫెడరల్ కోర్టు ఒక కంపెనీకి 23 లక్షల డాలర్ల జరిమానా వేసింది. కొనేముందు కళాకారుడి పేరు, ఊరు రాసి ఉన్నాయా అని చూడండి. మిల్లులో అచ్చేసిన బట్టను కలంకారీ అని అంటగడితే మనకెలా ఉంటుందో వాళ్ళకూ అలాగే ఉంటుంది.

రాత్రిపూట చూడటానికి ఏమైనా ఉందా?

మే చివర్లో, జూన్‌లో ఉంటే వివిడ్ సిడ్నీ వెలుగుల పండగ దొరుకుతుంది. 2009లో మొదలైంది. ఓపెరా హౌస్ మీద, ఎంసీఏ ముందు గోడ మీద కదిలే బొమ్మలు వేస్తారు. బయట నిలబడి చూడటానికి టికెట్ లేదు. అక్కడది చలికాలం, నీటిగాలి ఎముకల్లోకి దిగుతుంది, ఉన్నితొడుగులు వేసుకోండి. శని, ఆదివారాల్లో జనం బ్రహ్మోత్సవాల్లో మాడవీధుల్లా ఉంటారు, సోమవారమో బుధవారమో వెళ్ళండి.

మాకు ఒక్క గంటే ఉంది. ఏం చూడాలి?

డెస్కులో సేకరణ గదులు ఎటో అడిగి నేరుగా అక్కడికే వెళ్ళండి. బెరడు చిత్రాలు పెట్టి ఉంటే వాటి దగ్గర అరగంట. తర్వాత చీకటిగా కనిపించే వీడియో గది ఏదైనా ఒకటి, పది పదిహేను నిమిషాలు. మిగిలిన టైములో లిఫ్టెక్కి నాలుగో అంతస్తు డాబా. మూడో అంతస్తులోని పెద్ద ప్రదర్శన జోలికి పోకండి, గంటలో అది సగం కూడా అవదు. దిగి బయటికొచ్చాక ఫెర్రీ జెట్టీలు కుడి చేతి వైపు, ట్రైన్ స్టేషన్ వాటి వెనకే. పారామట్టా ఫెర్రీలు ట్రైన్లంత తరచుగా ఉండవు, లోపలికి వెళ్ళే ముందే తిరుగు ఫెర్రీ టైము చూసి పెట్టుకోండి.